బెరింబావు మీటారా, కొట్టారా?

సందేహం: బ్రెజిల్ కళాకారుడు నానా వాస్కోన్సెలోస్ గురించి వ్యాసం రాస్తున్నాను. ఆయన వాద్యం బెరింబావుకు తీగ ఉంది, కానీ పుల్లతో కొడతారు. ‘మీటారు’ అనాలా, ‘కొట్టారు’ అనాలా? ‘పెర్కషనిస్ట్’కు తెలుగు మాట ఏది?

సమాధానం: ‘వాయించారు’ అనండి. మీటడమంటే వేలితోనో గోటితోనో తీగను లాగి వదలడం. బెరింబావు అలా పలకదు. చూడటానికి అది దూదేకే విల్లులా ఉంటుంది. వంచిన కర్రకు ఉక్కు తీగ, కింది వైపు ఎండిన సొరబుర్ర. ఒక చేత్తో పుల్ల పట్టి తీగను కొడుతూ, అదే చేతిలో గింజలున్న చిన్న బుట్టను గలగలలాడిస్తారు. రెండో చేత్తో నాణేన్నో రాయినో తీగకు ఆనించి స్వరం మారుస్తారు.

‘కొట్టారు’ తప్పు కాదు. డప్పు కొట్టడం, గంట కొట్టడం మన మాటలే. కానీ అందులో దెబ్బ మాత్రమే వినిపిస్తుంది, నాణెం పనీ బుట్ట పనీ వినిపించవు. మన బైండ్లవారి జమిడిక చూడండి. తోలు మధ్యలోంచి బిగించిన తీగను పుల్లతో పలికిస్తారు. అది తోలు వాద్యమా, తీగ వాద్యమా అని తేల్చకుండానే ‘జమిడిక వాయించడం’ అంటున్నాం, ఎవరికీ ఇబ్బంది రాలేదు.

ఇక పెర్కషనిస్ట్. ‘తాళవాద్యకారుడు’ వాడుకలో ఉంది, వాడవచ్చు. నాకు మాత్రం ‘లయవాద్యకారుడు’ ఇష్టం. తాళం అనగానే ఆవర్తం, అక్షరాల లెక్క గుర్తొస్తాయి. ఈయన తన ఒంటి మీద చరిచి, గొంతుతో కూడా లయ పలికించారు. 1979లో రికార్డు చేసిన ఆయన ఆల్బమ్ ‘సౌదాజిస్’ వినండి, వయొలిన్ల బృందం ముందు బెరింబావు ఎంత ధీమాగా నిలబడిందో! అలాంటి మనిషికి లెక్క చాలదు, లయే కావాలి. ‘డ్రమ్మర్’ వద్దు, డ్రమ్ సెట్ ముందు కూర్చున్న మనిషే కళ్లకు కడతాడు.

మీరు అడగలేదు కానీ, ‘నానా’ అన్న పేరులో ఒత్తి పలికేది చివరి అక్షరం. 1944లో రెసిఫీలో పుట్టి, 2016లో అదే ఊళ్లో కన్నుమూసిన ఆయన్ని అక్కడివాళ్లు పిలిచిన తీరుకు ‘ననా’ దగ్గరగా ఉంటుంది.

అమెరికా జాజ్ కళాకారులు డాన్ చెర్రీ, కాలిన్ వాల్కాట్‌లతో కలిసి ఆయన వాయించిన బృందం ‘కోడోనా’ గురించి కూడా రాస్తారనుకుంటాను. కాలిన్, డాన్, ననా పేర్ల మొదటి రెండేసి ఇంగ్లీషు అక్షరాలతో కట్టిన పేరు అది. తెలుగు లిపిలో ‘కా, డా, న’ కనిపిస్తాయి కాబట్టి పాఠకుడు తికమక పడతాడు. ఇంగ్లీషు అక్షరాల్లో మొదటి రెండు పేర్లకూ ‘ఓ’ ఉందని ఒక్క ముక్క చేర్చండి.