టెక్ సందేహాలు: లక్షల ఖరీదు చేసే స్పీకర్లను రివ్యూ చూసి కొనాలా, ఇంట్లో విని కొనాలా?

ప్రశ్న: స్పీకర్ల జతకు, యాంప్లిఫయర్‌కు కలిపి నాలుగు లక్షల రూపాయల వరకు ఖర్చు పెట్టాలనుకుంటున్నాను. నాకు నచ్చిన స్పీకర్లను యూట్యూబ్‌లో ఒకరు ఆకాశానికెత్తేశారు. ఒక అమెరికన్ పత్రిక మాత్రం వాటిలో బాస్ (మంద్ర నాదం) చాలడం లేదని రాసింది. డిపాజిట్ కడితే వారం రోజులు ఇంట్లో పెట్టుకుని వినవచ్చని డీలరు అంటున్నారు. మా హాలు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, నేల గ్రానైట్. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. సుమారు 300 హెర్ట్జ్‌కు (సెకనుకు 300 కంపనాలకు) దిగువన మనం వినేది స్పీకర్‌ను మాత్రమే కాదు, అది ఉన్న గదిని కూడా. మీ హాలు కొలతలను బట్టి పొడవు వెంట దాదాపు 40 హెర్ట్జ్ వద్ద, వెడల్పు వెంట దాదాపు 47 హెర్ట్జ్ వద్ద శబ్దతరంగం గోడల మధ్య నిలిచిపోయి, మీరు కూర్చున్న చోటును బట్టి బాస్ ఉబ్బిపోయినట్టో, మాయమైనట్టో వినిపిస్తుంది. అమెరికాలో చాలా ఇళ్ల గోడలు కలప చట్రానికి జిప్సం పలకలు బిగించినవి కనుక అవి బాస్‌ను కొంత పీల్చుకుంటాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మన ఇటుక, కాంక్రీటు గోడలు చాలా వరకు వెనక్కి కొడతాయి. అక్కడి సమీక్షకుడికి చాలదనిపించిన బాస్ మీ హాలుకు సరిగ్గా సరిపోవచ్చు. గ్రానైట్ నేల వల్ల వచ్చే ఇబ్బంది వేరు. చప్పట్లు కొడితే ఖంగుమనే గదిలో మంచి ట్వీటర్ (సన్నని స్వరాలు పలికించే స్పీకర్ భాగం) కూడా కీచుగా వినిపిస్తుంది. మరింత ఖరీదైన యాంప్లిఫయర్‌కు వెళ్లే ముందు ఒక దళసరి తివాచీ కొనడం మేలు.

అందుచేత రివ్యూ నుంచి మీ ఇంటికి కూడా వర్తించే విషయాలను మాత్రమే తీసుకోండి. 86 డెసిబెళ్ల సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకు ఎంత బిగ్గరగా మోగుతుందన్న కొలత) ఉన్న స్పీకర్ అంతే బిగ్గరగా మోగడానికి 89 డెసిబెళ్ల దానికంటే రెట్టింపు వాట్లు కావాలి. ఇది ఎవరి ఇంట్లోనైనా నిజమే. 1962లో మొదలైన స్టీరియోఫైల్ పత్రిక వర్ణనతో పాటు కొలతల గ్రాఫులను కూడా ప్రచురిస్తుంది, ఆ రెండింటికీ పొంతన కుదరనప్పుడు నేను గ్రాఫు వైపే మొగ్గుతాను. ఇక సమీక్షకుడి ప్రయోజనాల సంగతి: వస్తువు అరువుకు వచ్చిందా, తక్కువ ధరకు దక్కిందా, వీడియో కింద ఉన్న లింకుతో కమీషన్ వస్తుందా అన్నది చూడాలి. మన దేశంలో 2022లో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు ఇటువంటి సంబంధాన్ని వెల్లడించాలని చెబుతున్నాయి. ఏ వస్తువునూ ఎన్నడూ బాగోలేదనని వ్యక్తి మెప్పుకు నేనైతే విలువ ఇవ్వను.

అలాగని ఇంట్లో విన్నంత మాత్రాన చెవి మోసపోదని కాదు. స్పీకర్లు తయారుచేసే హార్మన్ సంస్థలో పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ జరిపి 1994లో ప్రచురించిన ప్రయోగంలో శ్రోతలు ఆ సంస్థ ఉద్యోగులే; తెర చాటున ఉన్నప్పుడు మంచి మార్కులు తెచ్చుకున్న చవకైన చిన్న స్పీకర్లు, కంటికి కనిపించగానే మార్కులు పోగొట్టుకున్నాయి. మీ పాత స్పీకర్లను పక్కనే ఉంచి, ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్‌తో రెండింటి వాల్యూమ్‌నూ సమానం చేయండి. ఒక్క డెసిబెల్ ఎక్కువగా మోగే స్పీకర్ బిగ్గరగా అనిపించదు, మెరుగ్గా అనిపిస్తుంది. మీ ముందు పలచటి గుడ్డ కట్టి, ఏది మోగుతోందో చెప్పకుండా మార్చే పని ఇంట్లో వాళ్లకు అప్పగించండి.

షోరూమ్ వినిపించే నిగనిగలాడే డెమో ట్రాకులు వద్దు. మీకు కంఠతా వచ్చిన పాటలే పెట్టండి. 1950ల నాటి ఘంటసాల పాటలు మోనో రికార్డింగులు (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది) కనుక, గొంతు రెండు స్పీకర్ల నట్టనడుమ ఒకేచోట నిలవాలి. అటూ ఇటూ చెదిరితే అమరికలోనో, గది గోడల వల్లనో, స్పీకర్ల జతలోనో తేడా ఉన్నట్టే. కచేరీ రికార్డింగులో మృదంగం ఎడమ ముఖం మీద పలికే బరువైన నాదం ఒక్కొక్క దెబ్బా విడిగా వినిపిస్తోందా, ఒకదాని మీద ఒకటి పడి మూలుగుతోందా గమనించండి. మూలుగుతుంటే స్పీకర్లను గోడ నుంచి ఒక అడుగు ముందుకు జరిపి మళ్లీ వినండి.

వంద గంటలు మోగిస్తే గానీ అసలు శబ్దం బయటపడదని డీలరు అంటే, ఆ వంద గంటల్లో ఎక్కువగా మారేది మీ చెవి అలవాటే అనీ, ఈలోగా తిప్పి ఇచ్చే గడువు కరిగిపోతుందనీ గుర్తుంచుకోండి. డిపాజిట్ పూర్తిగా వాపసు వస్తుందా, రవాణా ఖర్చు ఎవరిది, గీత పడితే ఎంత కోస్తారు, చివరికి మీకిచ్చేది ఈ డెమో జతా, కొత్త పెట్టెనా అన్నవి ముందే రాయించుకోండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడే యాంప్లిఫయర్ కొని తెస్తానంటున్నాడు. నెలలోపు తిరిగి ఇచ్చే వీలుందట. మంచిదేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ గడువు మీ అబ్బాయి ఇంట్లో వినడానికే తప్ప మీ ఇంట్లో వినడానికి పనికిరాదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. యాంప్లిఫయర్ వెనుక రెండు వోల్టేజీలకూ పనిచేస్తుందని రాసి లేకపోతే వోల్టేజీ తగ్గించే బరువైన స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. వారంటీ కూడా చాలా కంపెనీలకు కొన్న దేశానికే పరిమితం. కొనే ముందు వెనుక ప్యానెల్ ఫొటో తీసి పంపమనండి.