నెదర్టన్ ఉన్న పాపకు బయోలాజిక్ ఇంజెక్షన్ వేయించవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పలమనేరు దగ్గర పల్లె. పాపకు ఐదేళ్లు. పుట్టినప్పటి నుంచీ ఒళ్లంతా ఎర్రగా ఉంటుంది, పొద్దున దుప్పటి దులిపితే తవుడులా పొట్టు రాలుతుంది. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాక జుట్టు సరిగా పెరగలేదు, దువ్వితే తునిగిపోతోంది. ఇన్నాళ్లూ ఎగ్జిమా అన్నారు, ఇప్పుడు జీన్ టెస్టులో నెదర్టన్ సిండ్రోమ్ అని తేలింది. తిరుపతిలో డాక్టరు డుపిలుమాబ్ ఇంజెక్షన్ వేద్దామంటున్నారు. పూర్తిగా నయమవుతుందా? మాది మేనరికం, రెండో బిడ్డకూ వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పూర్తిగా నయం కాదమ్మా. ఈ సంగతి ముందే తెలియాలి, లేకపోతే రెండు మూడు డోసులకే నిరాశపడి మానేస్తారు. పాపకు లోపం స్పింక్5 అనే జన్యువులో ఉంది. చర్మం పైపొరను ఊడదీసే ఎంజైములను అదుపులో పెట్టే ప్రొటీన్ ఆ జన్యువు నుంచే రావాలి. అది లేక పొర ముందే ఊడిపోతోంది, అలర్జీ కలిగించేవీ క్రిములూ లోపలికి దిగుతున్నాయి, దాంతో వాపు, దురద. జుట్టు తునగడమూ ఈ జబ్బులో భాగమే, గుండు చేయించినందుకు కాదు.

డుపిలుమాబ్ స్టెరాయిడ్ కాదు, కీమో కాదు. అదొక యాంటీబాడీ, అంటే జీవకణాల నుంచి తయారుచేసే ప్రొటీన్ మందు. ఇలాంటి మందులనే బయోలాజిక్ అంటారు. దురదను రేపే ఐఎల్-4, ఐఎల్-13 అనే ప్రొటీన్ల సంకేతాలు కణానికి అందకుండా అడ్డుపడుతుంది, జన్యువు జోలికి పోదు. అమెరికాలో 2017లో పెద్దల ఎగ్జిమాకు, 2022లో ఆరు నెలలు నిండిన పసిపిల్లల ఎగ్జిమాకు అనుమతి వచ్చింది. నెదర్టన్‌కు వాడటానికి ఆధారం ఎక్కువగా కొద్దిమంది రోగుల మీద డాక్టర్లు రాసిన నివేదికలే. వాటిలో చాలామందికి దురద, ఎరుపు తగ్గాయి. జుట్టు మాత్రం అందరికీ బాగుపడలేదు.

నన్నడిగితే వేయించండి, కానీ గడువు పెట్టుకుని. ముందు ఫొటోలు తీసి, రాత్రి ఎన్నిసార్లు గోక్కుంటూ లేస్తోందో రాసిపెట్టుకుని, నాలుగు నెలలయ్యాక పోల్చి చూడండి. మానేస్తే మళ్లీ తిరగబెట్టవచ్చు కాబట్టి ఖర్చు ఎన్నాళ్లు భరించగలరో ఇప్పుడే డాక్టరుతో మాట్లాడండి. కడుపులో పురుగులుంటే ముందే మందు వేయాలి, బాకీ ఉన్న టీకాలు పూర్తిచేయాలి. కళ్లు ఎర్రబడితే చెప్పాలి. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. తిరుపతి నుంచి ఎండలో బస్సులో తెచ్చే బదులు ఆస్పత్రిలోనే వేయించుకుని రావడం మేలు. ఒంటికి రాసే మాయిశ్చరైజర్ మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. ఎగ్జిమా అనుకున్న రోజుల్లో రాసిచ్చిన టాక్రోలిమస్ (రోగనిరోధక శక్తిని అణిచే పూత మందు), స్టెరాయిడ్ ట్యూబులు ఇంట్లో ఉంటే డాక్టరుకు చూపించకుండా పూయొద్దు. ఇలాంటి చర్మం గుండా మందు రక్తంలోకి మామూలు కన్నా చాలా ఎక్కువగా దిగుతుంది, టాక్రోలిమస్ అయితే ప్రమాదకర స్థాయికి చేరవచ్చు.

రెండో బిడ్డ సంగతి. ఈ జబ్బు రావాలంటే లోపమున్న జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాలి. మీ ఇద్దరికీ అది ఉన్నట్టయితే ప్రతి కాన్పులో 25 శాతం అవకాశం ఉంటుంది. రక్తసంబంధంలో పెళ్లి వల్ల ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది, అందులో మీ తప్పేమీ లేదు. గర్భం రాకముందే మీ ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకుంటే, తర్వాత గర్భం 11 నుంచి 13 వారాల మధ్య ఉన్నప్పుడు మాయలోంచి చిన్న ముక్క తీసి బిడ్డకు ఉందో లేదో చూడవచ్చు. దానికి పాప జీన్ రిపోర్టే ఆధారం, జిరాక్సు కూడా తీసి పెట్టుకోండి.