అజో డై పొర మీద లిక్విడ్ క్రిస్టల్ మచ్చలుగా సర్దుకుంటోంది: ఎక్స్‌పోజర్ చాలకనా?

లిక్విడ్ క్రిస్టల్ అణువులను ఒకే దిశలో సర్దడానికి గాజు మీద బ్రిలియంట్ యెల్లో అనే అజో డై పూసి, పోలరైజ్ చేసిన (ఒకే దిశలో కంపించే) నీలి కాంతి వేసి, రెండు పలకల మధ్య సన్నని ఖాళీలో, అంటే సెల్‌లో, 5సీబీ అనే లిక్విడ్ క్రిస్టల్ నింపితే మచ్చలు కనిపిస్తున్నాయన్నారు. ఎక్స్‌పోజర్ (వేసే కాంతి మోతాదు) రెట్టింపు చేసినా మార్పు లేదన్నారు. అయితే దీపాన్ని కాసేపు వదిలేయండి. నేనూ ఇలాగే రెండు వారాలు దీపంతో కుస్తీ పట్టాను. అసలు తప్పు అంతకుముందే, పొర పూసేటప్పుడే జరిగిపోయింది.

నోట్‌బుక్ తిరగేస్తే ఒకటి కనిపించింది: ముసురు పట్టిన రోజుల్లో పూసిన పలకలే పాడయ్యాయి. డైని కరిగించే డీఎంఎఫ్ అనే ద్రావకం గాలిలోని తేమను ఇట్టే పీల్చేస్తుంది. పలకను గిర్రున తిప్పి డైని పలచగా పరిచే స్పిన్నర్‌కు మూత పెట్టి, పొడి నైట్రోజన్ పంపుతూ, తేమ 40 శాతం దాటకుండా చూసుకున్నాక, పాత ఎక్స్‌పోజరే సరిపోయింది.

రెండో అనుమానం నింపే పద్ధతి మీద. గది వేడిలో నింపితే ద్రవం పారిన దిశ చారలుగా మిగిలిపోతుంది. 5సీబీ దాదాపు 35 డిగ్రీల దగ్గర మామూలు ద్రవమైపోతుంది కాబట్టి సెల్‌నూ ద్రవాన్నీ 45కు వేడి చేసి నింపండి, మెల్లగా చల్లార్చండి. డైకి బదులు పాలిఇమైడ్ అనే పాలిమర్ పూసి, దిశ కోసం గుడ్డతో రుద్దిన సెల్ ఒకటి పక్కన పెట్టుకుని అదే సీసాలోది నింపితే ఇంకా మంచిది. అందులోనూ మచ్చలొస్తే మీ డై పొరకు ఏ పాపం తెలియదు!

ఇంకో సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. చక్కగా సర్దుకున్న సెల్ ఒకటి మైక్రోస్కోప్ కింద నా కళ్ల ముందే చెడిపోయింది. అజో అణువు కాంతి కంపించే దిశలో ఉన్నంతసేపూ దాన్ని మింగుతూ, ట్రాన్స్ (చాచిన), సిస్ (వంగిన) రూపాల మధ్య మారుతూ పక్కకు తిరుగుతుంది. పూర్తిగా అడ్డం తిరిగాక ఇక పెద్దగా మింగదు, అక్కడే నిలబడిపోతుంది. లిక్విడ్ క్రిస్టల్ పోలరైజేషన్‌కు లంబంగా సర్దుకునేది అందుకే. మైక్రోస్కోప్ దీపంలోనూ నీలి కాంతి ఉంది, దాని ముందూ పోలరైజర్ ఉంది. అంటే చూస్తున్నాననుకుంటూ నేను అణువుల దిశను మళ్లీ రాసేస్తున్నానన్నమాట. అప్పటి నుంచి ఎర్ర ఫిల్టర్ లేకుండా చూడను.

ఇలా చెరిగిపోవడం మీకు కుదరదనుకుంటే, 1992లో మార్టిన్ షాట్ అనే శాస్త్రవేత్త బృందం చూపించిన సినమేట్ పాలిమర్ వాడొచ్చు. అందులో పక్కపక్క గొలుసుల మీది సినమేట్ గుంపులు యూవీకి జతకట్టి సైక్లోబ్యూటేన్ వలయాలవుతాయి. మామూలు వెలుగుకు అవి విడిపోవు.