ఒకరా, ముగ్గురా?

అమ్మా,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. పెళ్లింటి సందడిని బాగా పట్టుకున్నావు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం తడబడ్డాను: "ముహూర్తం వేళకు మా మేనమామ, ఊరి సర్పంచి, డాక్టరు వచ్చారు." ముగ్గురు వచ్చారనుకుని ముందుకు వెళ్లాను. పది వాక్యాల తర్వాత "ఆయనకు కుర్చీ వేశారు" అన్నావు. వచ్చింది ఒక్కరేనని అప్పుడు గాని తెలియలేదు.

మన భాషలో ఉన్న చిక్కే ఇది. "వచ్చారు" అన్న మాట పదిమందికీ చెల్లుతుంది, గౌరవించే ఒక్కరికీ చెల్లుతుంది. ఎందరో క్రియ చెప్పదు కాబట్టి ఆ భారం కామా మీద పడింది, అది మోయలేకపోయింది. ఒక్కరే అయితే "సర్పంచీ డాక్టరూ కూడా అయిన మా మేనమామ వచ్చారు" అని రాయి. ముగ్గురైతే "మా మేనమామా, ఊరి సర్పంచీ, డాక్టరూ వచ్చారు" అను. చివరి అచ్చును సాగదీసిన క్షణంలో మనుషులు విడివిడిగా నిలబడతారు.

తాటాకు గ్రంథాల్లో కామా లేదు, మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా లేదు. అయినా కవులు పెద్ద పెద్ద జాబితాలు రాశారు. "రాముఁడును లక్ష్మణుఁడును" అంటూ పేరు పేరుకూ "ను" చేర్చారు. ఆనాడు "ను" చేసిన పనే ఈనాడు దీర్ఘం చేస్తోంది. కామా మనకు అచ్చు యంత్రంతో పాటు వచ్చింది. దాన్ని వద్దనను, నాకూ అది రోజూ కావాలి. కానీ ముందు వాక్యాన్ని పైకి చదివి విను. చెవికి తెలిసిపోయిన చోట గుర్తు పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

మూడో పేజీలో "తెనాలి, గుంటూరు, విజయవాడలో బంధువులున్నారు" అన్నావు. "లో" విజయవాడను మాత్రమే పట్టుకుంది, మిగతా రెండు ఊళ్లకూ ఆసరా లేదు. "తెనాలిలో, గుంటూరులో, విజయవాడలో" అంటే ఒక్కో ఊరి దగ్గరా ఆగి చూపినట్టుంటుంది. "తెనాలి, గుంటూరు, విజయవాడల్లో" అంటే ఆ ఒక్క బహువచనం మూడింటినీ ఒకే మూట కడుతుంది. నీ కథలో ఆ ఊళ్లకు వేరే పని లేదు కాబట్టి రెండోదే నయం.

చుట్టాలు దిగే చోట ఒక్కో ఊరివాళ్ల తర్వాత సెమికోలన్ (;) తప్పదు. నువ్వు రాసింది ఇది: "కర్నూలు నుంచి పెదనాన్న, పెద్దమ్మ, నెల్లూరు నుంచి అత్తయ్య, ఆమె ఇద్దరు కొడుకులు, కాకినాడ నుంచి తాతయ్య వచ్చారు." నువ్వు అన్నీ కామాలే పెట్టావు. ఆ కొడుకులు నెల్లూరు బస్సు దిగారో, తాతయ్యతో కాకినాడ నుంచి వచ్చారో నాకు అర్థం కాలేదు.

జాబితాలో చివరి పేరుకు ముందు నువ్వు పెట్టిన "మరియు"లన్నీ తీసెయ్యి. పాత కావ్యాల్లో "మఱియు" అంటే "అంతేకాక" అని. రెండు పేర్లను కలపడానికి మనకు దీర్ఘం ఉండనే ఉంది. ఇంకొకటి, "దుఃఖం"లో విసర్గకు బదులు కోలన్ కొట్టావు, సరిచేసుకో.

వడ్డన పేరా మాత్రం ముట్టుకోకు. "పులిహోరా బూరెలూ గారెలూ ఆవడలూ వస్తూనే ఉన్నాయి" అన్నావు, మధ్యలో ఒక్క కామా లేదు. బంతి చివరిదాకా గరిటె ఆగకుండా నడిచింది.

సవరించి పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో.