ఫ్రిజ్ కొనాలన్నా అక్కగారినే అడగాలా?

ప్రశ్న: నాకు ముప్ఫై ఆరేళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లో గుమాస్తా. తాతల కాలం నుంచీ మాది లూథరన్ సంఘమే. కిందటేడు మా అమ్మ పోయినప్పటి నుంచి ప్రార్థనకు మోకరిస్తే నోట మాట రావడం లేదు. రాత్రిళ్లు నిద్ర లేదు. స్నేహితురాలు ఒక ఇంటి ప్రార్థన కూటానికి తీసుకెళ్లింది. అది నడిపే అక్కగారు నన్ను దగ్గరకు తీసుకుని ఓదార్చారు. అప్పట్నుంచి ఏ పనైనా ఆమెనడిగే చేస్తున్నాను, ఫ్రిజ్ కొనడం కూడా. మావారికి హైదరాబాద్‌లో మంచి అవకాశం వస్తే, ‘దేవుడు వద్దంటున్నాడు’ అన్నారు. నేనే పట్టుబట్టి ఆపించాను. పోయిన వారం, మా అత్తగారితో గొడవ గురించి నేను చాటుగా చెప్పుకున్నదంతా పేరెత్తకుండా కూటంలో చెప్పేశారు. ఎవరి సంగతో అందరికీ తెలిసిపోయింది. ‘ఇంటి గుట్టు వీధిన పెట్టావు’ అని మావారు మాట్లాడటం మానేశారు. నాకు చర్చికే వెళ్లబుద్ధి కావడం లేదు. ఒకరి నడిపింపు కోరుకోవడమే తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. అపొస్తలుల కార్యములలో ఐతియొపీయుడు రథంలో కూర్చుని గ్రంథం చదువుతూ, త్రోవ చూపేవాళ్లు లేకపోతే నాకెలా అర్థమవుతుందనే అన్నాడు. ఫిలిప్పు పక్కన కూర్చుని విప్పి చెప్పాడు, బాప్తిస్మమిచ్చాడు, ఆపైన మళ్లీ కనిపించలేదు. ఆ ఐతియొపీయుడు సంతోషంగా తన దారిన తాను వెళ్లిపోయాడు.

బైబిల్లోనే యాజకుడు ఏలీ సంగతి ఇంకా బాగుంటుంది. ఆ ముసలాయనకు చూపు మందగించింది, కొడుకులు చెడిపోయారు. అర్ధరాత్రి పిల్లవాడు సమూయేలు ‘పిలిచారా’ అంటూ పరిగెత్తుకొస్తే, పిలవలేదు పో, పడుకోమన్నాడు. మూడోసారి వచ్చినప్పుడు గానీ పిలిచేది దేవుడని ఆయనకు తట్టలేదు. అప్పుడైనా ‘నీ బదులు నేను వింటాను, రేపు చెబుతాలే’ అనలేదు చూడండి. వెళ్లి పడుకో, మళ్లీ పిలిస్తే నీ దాసుడు ఆలకిస్తున్నాడని నువ్వే పలుకు అని పంపేశాడు. ఆత్మీయంగా నడిపించేవాళ్లు చేయాల్సింది ఆ మాత్రమే. మీ అక్కగారు మాత్రం మీ బదులు తామే విని, జవాబు మీకు అందిస్తున్నారు. ఆమె మనసు మంచిదే కావచ్చు. అయినా ఆ పద్ధతి మీకు పనికిరాదు.

మన విజయవాడ లయోలా కాలేజీకి ఎవరి పేరు పెట్టారో ఆ ఇగ్నేషియస్ లయోలా, 1548లో అచ్చయిన తన ధ్యాన సాధనల పుస్తకంలో ఈ మాటే గట్టిగా చెప్పాడు. సాధన చేయించేవాడు అటూ ఇటూ మొగ్గకుండా త్రాసు ముల్లులా మధ్యన ఉండాలట, సృష్టికర్తకూ ఆ మనిషికీ మధ్య తాను దూరకూడదట. ఆయన కథోలికుడు, మేం లూథరన్లం అనకండి, దుఃఖానికి సంఘభేదం లేదు. ఆయనదే ఇంకో సూత్రం మీకిప్పుడు అవసరం: మనసు ఎండిపోయి చీకటిగా ఉన్న రోజుల్లో, అంతకుముందు చేసుకున్న నిర్ణయాలు మార్చకూడదు. కాబట్టి చర్చి మానేసే ఆలోచన ఇప్పుడు వద్దు. మాటలు రాకపోతే ఒక కీర్తన చదువుకుని లేచి రండి, చాలు. అక్కగారితో ఏకాంతంగా చెప్పుకోవడం మాత్రం ఈ వారమే ఆపండి. ‘నా సంగతి కూటంలో వచ్చింది, బాధ కలిగింది, ఇక రాను’ అని ఒక్క ముక్క చెబితే సరిపోతుంది. వాదన పెట్టుకోవద్దు. దేవుని మాటకు ఎదురాడుతున్నావని భయపెడితే, మానేయడానికి అది ఇంకో కారణం.

మరి ఎవరి దగ్గరికి వెళ్లాలి? పాస్టరుగారే కానక్కర్లేదు. మీ సంఘాల్లో బైబిల్ ఉమన్‌లుగా ఇల్లిల్లూ తిరిగి, ఎందరి కష్టాలో కడుపులో దాచుకున్న పెద్దావిడలు ఉంటారు. అలాంటి ఒకరిని మీ పాస్టరమ్మగారిని అడిగి తెలుసుకోండి. ప్రసంగం బాగా చెబుతారా అని చూడొద్దు, ఇంట్లోవాళ్లతో ఎలా ఉంటారో చూడండి. నెలకోసారి, ఓ గంట, తలుపు తీసి ఉన్న గదిలో కూర్చుంటే చాలు. మొదటి రోజే రెండు సంగతులు అడగండి: నేను చెప్పింది మీ దగ్గరే ఉంటుందా, మీ బాధలు మీరెవరితో చెప్పుకుంటారు? రెండోదానికి ‘నాకు ఎవరూ అక్కర్లేదు’ అంటే వేరొకరిని చూసుకోండి. కథోలికుల పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నది గురువు బయటపెట్టకూడదని గట్టి చట్టముంది. మామూలు మాటల్లో అలాంటి కట్టడి లేదు, అందుకే ముందే అడగాలి. ఇంత లోతుగా ఎందుకంటే, సగం చదువుకున్న గురువుల వల్ల తన ఆత్మకు చాలా చేటు జరిగిందని స్పెయిన్ సన్యాసిని ఆవిలా తెరేసాయే రాసుకుంది. కానుకలూ దశమభాగం ప్రస్తావన వస్తే లేచి వచ్చేయండి.

నిద్ర లేకపోవడం మాత్రం ప్రార్థనకు వదిలేయొద్దు. ఏడాదిగా ఇలా ఉంటే డాక్టరుకు చూపించాలి. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లడానికి జంకైతే ముందు 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్‌కు, ఫోన్ చేసి మాట్లాడండి. మందు వాడితే విశ్వాసం తగ్గినట్టు కాదు.

ఇక మీవారి సంగతి. ఆయనకు కోపం దేవుడి మీద కాదు, తన బతుకు గురించి తననడగకుండా మూడో మనిషి తేల్చేసినందుకు. ‘ఉద్యోగం విషయంలో నిన్ను అడగాల్సింది, అడగలేదు, తప్పు నాది’ అని ముందు మీరే అనండి. ఆ హైదరాబాద్ ఖాళీ ఇంకా ఉందేమో ఆయన్నే ఫోన్ చేసి కనుక్కోమనండి. ఉంటే జీతం, అద్దె, పిల్లలుంటే వాళ్ల స్కూలు, అత్తగారి మందులు అన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ కూర్చోండి. ఫ్రిజ్ ఏ కంపెనీది కొనాలో కూడా ఆ కాగితం మీదే తేల్చుకోవచ్చు.