బ్లఫ్ దొరికిపోయిందంటే తప్పుగా ఆడినట్టేనా?

మీ ప్రశ్నలోని హ్యాండ్‌ని ముందు క్లుప్తంగా చెబుతాను. నో లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు ముక్కలతో ఆడే పోకర్) క్యాష్ గేమ్‌లో ఇస్పేట్ జాకీ, ఇస్పేట్ తొమ్మిదితో మీరు రెయిజ్ చేశారు (పందెం పెంచారు), బిగ్ బ్లైండ్‌లో (ముక్కలు చూడకముందే పందెం వేయాల్సిన సీటులో) ఉన్నాయన కాల్ చేశారు, అంటే అంతే పందెం వేశారు. ఫ్లాప్‌లో (టేబుల్ మీద పడే మొదటి మూడు ముక్కల్లో) ఇస్పేట్ రాజు, ఇస్పేట్ ఆరు, డైమన్ మూడు పడ్డాయి, మీ బెట్‌కి ఆయన కాల్. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, ఇస్పేట్ కాని రెండు పడితే ఇద్దరూ పందెం వేయకుండా చెక్ చేశారు. రివర్‌లో, అంటే చివరి ముక్కగా, ఆఠీన్ ఎనిమిది వచ్చి మీ ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు ఐదు) తప్పిపోయాక, పాట్‌లో (అందరి పందేలు చేరిన మొత్తంలో) 100 చిప్స్ ఉంటే మీరు 100 వేశారు, ఆయన రాజు-పది చూపించి పాట్ తీసుకెళ్ళారు. ఒక్క జతతో అంత పెద్ద బెట్ ఎలా కాల్ చేశాడని అడుగుతున్నారు.

బ్లఫ్ (బలం లేని చేత్తో ఎదుటివాళ్ళు ముక్కలు వదిలేసేలా వేసే బెట్) గురించి నాకు తెలిసింది దాదాపు అంతా కాల్ చేసే కుర్చీలో కూర్చునే నేర్చుకున్నాను. మీ ఎదుటాయనకి లాగే ఒకసారి నాకు బోర్డు మీది రాజుతో జత కుదిరింది, ఎదుటి వ్యక్తి టర్న్‌లో చెక్ చేసి రివర్‌లో ఒక్కసారిగా పాటంత బెట్ వేశాడు. అప్పుడు నేను ఆలోచించింది ఒకటే. టేబుల్ మీద ఒకే రంగు ముక్కలు రెండు కనబడుతుంటే, నిజంగా సెట్ (ఒకే అంకె ముక్కలు మూడు) ఉన్నవాడు నాకు టర్న్ తర్వాత ముక్క ఉచితంగా ఎందుకు చూపిస్తాడు? కాల్ చేశాను, అతని దగ్గర ఉన్నది తప్పిపోయిన డ్రానే (కావాల్సిన ముక్క పడక పూర్తికాని చేయే). అంటే నా చేయి గొప్పదని కాదు, అతను చెప్పిన కథ టర్న్ దగ్గర తెగిపోయింది. మీ హ్యాండ్‌లోనూ నాకు కనిపించేది అదే.

నేనైతే అక్కడ టర్న్‌లోనే బెట్ వేసేవాణ్ణి. అప్పటికి మీకు కనబడని 46 ముక్కల్లో 9 ఇస్పేట్లు మిగిలి ఉన్నాయి, అంటే దాదాపు 20 శాతం. వాళ్ళు ఫోల్డ్ చేస్తే (ముక్కలు వదిలేస్తే) సరే, చేయకపోయినా గెలిచే దారి ఇంకొకటి ఉంటుంది. రాజు-పది పోదు గానీ ఆరు జత, చేతిలో ఏడుల జత లాంటివి చాలాసార్లు అక్కడే వదిలేస్తారు. రివర్‌లో ఆ రెండో దారి మూసుకుపోయింది.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. మీ చేతిలో రెండు ఇస్పేట్లు ఉన్నాయి కాబట్టి ఎదుటివాడి దగ్గర కూడా తప్పిపోయిన ఇస్పేట్ డ్రా ఉండే అవకాశం తగ్గుతుంది, కానీ రివర్‌లో మీ బెట్‌కి ఏ ఇబ్బందీ లేకుండా ఫోల్డ్ చేసేవి ఆ డ్రాలే! మిగిలేది ఎక్కువగా జతలు, అవే కాల్ చేస్తాయి. అదే బోర్డు మీద ఇస్పేట్ లేని రాణి-జాకీ అయితే రివర్ బ్లఫ్‌కి ఇంకాస్త పనికొస్తుంది.

నా చేత టాప్ పెయిర్ (బోర్డు మీది అతి పెద్ద ముక్కతో జత) ఫోల్డ్ చేయించిన బ్లఫ్ కూడా చెప్తాను, ఎందుకంటే తేడా అక్కడే తెలుస్తుంది. రివర్‌కి బోర్డు మీద మూడు ఆఠీన్లు ఉన్నాయి, ఆయన ఫ్లాప్, టర్న్, రివర్ మూడింటిలోనూ ఆగకుండా బెట్ వేశారు, నేను వదిలేశాక ఆఠీన్ ఆసు ఒక్కటే చూపించారు. ఆ ఆసు ఆయన దగ్గరే ఉంది కాబట్టి నా దగ్గర అన్నిటికంటే పెద్ద ఫ్లష్ ఉండదని ఆయనకు ముందే తెలుసు. అంత బాగా ఆడినందుకు నాకు కోపం కూడా రాలేదు.

లెక్క కూడా ఒకసారి చూడండి. 100 పాట్‌లో 100 వేస్తే ఆ బ్లఫ్ సగం కంటే ఎక్కువసార్లు పనిచేయాలి, 50 వేస్తే మూడింట ఒక వంతు కంటే కాస్త ఎక్కువ చాలు. పాటంత బెట్‌కి వందలో 60 సార్లు ఫోల్డ్ వస్తుందనుకుందాం, మిగతా 40 సార్లు దొరికిపోయినా సగటున ఒక్కోసారి 20 చిప్స్ మిగులుతాయి. అందుకే ఒక్కసారి కాల్ వచ్చిందని బ్లఫ్ చెడ్డదనీ, ఫోల్డ్ వచ్చిందని మంచిదనీ తేల్చలేం. మీరు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది, ఆయన దగ్గరున్న ఏ చేతులు ఫోల్డ్ అవుతాయని ఆ 100 వేశారు? ఏడుల జత, ఆరు జత అని చెప్పగలిగితే సరే, కానీ వాటికి సగం పాట్ బెట్ సరిపోయేదేమో. రాజు జత అని అనుకుంటే మాత్రం, క్యాష్ గేమ్‌లో అది కష్టం. టోర్నమెంట్‌లో అయితే ఓడితే ఆట నుంచే వెళ్ళిపోవాలన్న భయం ఉంటుంది, ఇక్కడ మళ్ళీ చిప్స్ కొనుక్కోవచ్చు కాబట్టి చూద్దాంలే అని కాల్ చేసేస్తారు.

దొరికిపోయిన వెంటనే పోయింది రాబట్టుకోవాలన్న టెన్షన్‌లో ఆడకండి, కాసేపు లేచి వెళ్ళండి. ఇంటికొచ్చాక ఒక్కో స్ట్రీట్‌లో (ఫ్లాప్, టర్న్, రివర్ లాంటి ఒక్కో దశలో) ఏమనుకుని ఆడారో రాసుకోండి, మరుసటి రోజుకి ఆ కారణాలు మన మనసులో మారిపోతాయి. ఇక ఆ ఆటగాడి మీద ఒక్క హ్యాండ్‌తో ముద్ర వేయకండి, కానీ మరో రెండు మూడుసార్లు కూడా అలాగే కాల్ చేస్తే ఆయన మీద రివర్ బ్లఫ్‌లు మానేసి, మీకు రాజు-రాణి లాంటి చేయి కుదిరినప్పుడు చెక్ చేయకుండా బెట్ వేయండి.