'గతకాలము మేలు' ఎక్కడ వాడాలి?

సందేహం: ఆర్థర్ రాజు కథ 'కామెలాట్' మ్యూజికల్ చూశాక, ఆ పోయిన రాజ్యం మీద కలిగిన బెంగ గురించి రాస్తూ 'గతకాలము మేలు' అన్నాను. అది నోస్టాల్జియాకి సరిపడదని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

సమాధానం: మీ ఫ్రెండ్ మాటలో పస ఉందండీ. ఆ ముక్కని పద్యంలోంచి పీకేసి పాత పాట విన్నా పాత ఫొటో చూసినా తగిలించేస్తున్నారు, ఇదేం పద్ధతి? పాండురాజు పోయాక వ్యాసుడు తల్లి సత్యవతితో అన్నమాట ఇది, నన్నయ్యగారి పద్యం మొత్తం చదవండి.

మతిఁ దలఁపఁగ సంసారం
బతిచంచల మెండమావులట్టుల సంప
త్ప్రతతు లతిక్షణికంబులు
గతకాలము మేలు వచ్చుకాలముకంటెన్

సంసారం నిలకడలేనిది, సంపదలు ఎండమావుల్లా క్షణికం, వచ్చేకాలం కంటే గడిచినకాలమే నయం అని భావం. ఇందులో నిట్టూర్పు ఎక్కడుంది? రాబోయే రోజులు ఘోరంగా ఉంటాయమ్మా, నువ్వు చూడలేవు, తపోవనానికి వెళ్ళిపో అని కొడుకు చేస్తున్న హెచ్చరిక. ఆవిడ కోడళ్ళు అంబిక, అంబాలికలని తీసుకుని వెళ్ళిపోయింది కూడా.

ఇక మేలు. ఇవాళ మేలంటే మంచి, ఉపకారం, అంతే అనుకుంటున్నాం గానీ దీని మొదటి అర్థం పైన, మీద. తమిళంలో మేల్ అంటే ఇప్పటికీ పైనే, మన మేలుకట్టు, మేలుముసుగుల్లో ఉన్నదీ అదే. పైనున్నది కాబట్టి 'అంతకంటే నయం' అనే అర్థం పుట్టింది. అంటే నన్నయ్య గతం బంగారం అనలేదు, వచ్చేదానికంటే ఒక మెట్టు పైన అన్నాడంతే, ఆ 'కంటెన్' వదిలేస్తే పద్యం అర్థమే మారిపోతుంది.

అయితే కామెలాట్‌కి ఈ పద్యం బొత్తిగా పనికిరాదని కూడా అనలేను. 1960లో బ్రాడ్వేకి వచ్చిన ఆ నాటకం చివర్లో ఆర్థర్ రాజు యుద్ధం ముంగిట నిలబడి ఒక కుర్రాణ్ణి పిలిచి, నువ్వు పోరాడొద్దు, వెనక్కి వెళ్ళి ఈ కథ అందరికీ చెప్పు అంటాడు. ఆ వైభవం కొన్నాళ్ళదేనని ఆయనకి తెలుసు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య తర్వాత ఆయన భార్య జాక్వెలిన్ ఆయన పాలనని కామెలాట్‌తో పోల్చిందీ అందుకే. అక్కడ సరిగ్గా అతికేది మూడో పాదం, 'అతిక్షణికంబులు'. రాస్తే ఆ పాదం కలిపి రాయండి. ఉత్త బెంగే చెప్పాలనుకుంటే, మీ ఉత్తరంలో మీరే వాడిన బెంగ చాలు, దానికి నన్నయ్య సాక్ష్యం అక్కర్లేదు.